బోస్నియా వంటలు తిందామని వెళితే...

1992లో బోస్నియాలో యుద్ధం మొదలైన నాటి నుంచి 1995 డిసెంబరులో శాంతి ఒప్పందం కుదిరే దాకా మా కర్నూలు మసీదులో జుమా నమాజు తర్వాత అక్కడి ప్రజల కోసం ఎన్నోసార్లు దుఆ చేశాం. సరాయెవో, స్రెబ్రెనిత్సా అనే పేర్లు మాకు పత్రికల్లో చదివి తెలిసినవే. ఆ ఊళ్లవారి చేతి వంట తినే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు. వచ్చింది గానీ, సగం పళ్లెం వదిలేసి లేచాం.

నిరుడు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. యుద్ధ కాలంలో ఇల్లూ వాకిలీ వదులుకున్న బోస్నియన్లు వేల సంఖ్యలో స్థిరపడిన నగరమది. బేవో అనే పేటలో వారి రొట్టె దుకాణాలు, మాంసం అంగళ్లు ఉన్నాయి. సరాయెవో పాత బజారులో 'సెబిల్' అనే చలివేంద్రం ఉంది. దాని నమూనాను 2013లో ఈ పేటలోనూ కట్టుకున్నారు. సెబిల్ అంటే మరేమీ కాదు, పీర్ల పండుగకు మనవాళ్లు షర్బతు పోసే సబీలే. అది చూశాక, ఇక భోజనం ఇక్కడే చేద్దామన్నాం.

హోటల్లో అడుగు పెట్టగానే గాజు బీరువాలో బీరు సీసాలు కనిపించాయి. మాంసం హలాలేనా అని అల్లుడు అడిగితే అక్కడి అమ్మాయి లోపలికి వెళ్లి, మాంసం వచ్చిన అట్టపెట్టె తెచ్చి దానిపై ముద్ర చూపించింది. మా ఆవిడ అప్పుడే కుర్చీలో స్థిమితంగా కూర్చుంది. వంటకాల పట్టీ చదువుతుంటే చుట్టాలు పలకరించినట్లే ఉంది. చోర్బా అంటే మన షోర్బా, చెవాపి అంటే కబాబు, సార్మా అంటే ఆకులో చుట్టిన ఖీమా.

మొదట 'బేగోవా చోర్బా' వచ్చింది. కోడిమాంసం, బెండకాయలతో చేసే చిక్కని షోర్బా అది. మాకు వచ్చిన గిన్నెలో మాత్రం పిండి కలిపిన ఉప్పునీళ్లు, రెండు బెండ ముక్కలు ఉన్నాయి. తర్వాత చెవాపి. "నానా, ఇందులో కారమే లేదు" అన్నాడు మనవడు. నిజానికి అది తప్పు కాదు. ఉప్పు తప్ప మసాలా పెద్దగా వేయకుండా, మాంసం రుచి మీదే నిలబడే వంట అది. వేలెడంత కబాబులు అయిదో పదో సోమున్ అనే మెత్తని రొట్టెలో పెట్టి, పచ్చి ఉల్లిపాయ తరుగుతో ఇస్తారు. ఆ రొట్టెను కబాబుల పక్కనే నిప్పుల మీద వేడిచేస్తే మాంసం రసం పీల్చుకుంటుంది. సగం రుచి అందులోనే ఉంది. మాకు ఇచ్చింది దుకాణంలో కొన్న చల్లని రొట్టె, విరిస్తే పొడిపొడిగా రాలింది.

అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది బురెక్ మీద. పిండిని బల్ల మీద పల్చటి గుడ్డలా సాగదీసి, మాంసం, ఉల్లి నింపి చుట్ట చుడతారు. పాత పద్ధతిలో అయితే ఇనుప మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాలుస్తారు. దమ్ బిర్యానీ ఎరిగిన మనకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. మాకు వచ్చిన బురెక్ మైక్రోవేవ్‌లో వేడిచేసింది. పైన తడిసిన కాగితం, లోపల ఫ్రిజ్ చల్లదనం.

యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న వారి వంటను తప్పుపట్టడమేమిటని మా ఆవిడ నొచ్చుకుంది. మేము ఒప్పుకోలేదు. జాలిపడి బాగుందనడం ఆ వంటకే అవమానం. వేరే దేశం వంటకం కదా, ఇలాగే ఉంటుందేమోనని సరిపెట్టుకుంటే అది ఇంకా అన్యాయం.

చివరికి కాఫీ వచ్చింది. రాగి జెజ్వాలో కాచి, చిన్న చెంబులోదే చిన్న గిన్నెల్లో వంచుకునే చిక్కని కాఫీ, పక్కన చక్కెర బిళ్లలు. అది మాత్రం అమృతం. తెచ్చినది యజమాని తండ్రి కాబోలు, డెబ్బై దాటిన పెద్దాయన. ఎలా ఉందని అడిగాడు. మా ఆవిడ "చాలా బాగుంది" అంది. ఆయన మిగిలిన బురెక్ వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"అది నిన్నటిది" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "శనివారం పొద్దున రండి. మా ఆవిడ చేస్తుంది."

మా విమానం శుక్రవారం. అల్లుణ్ని మాత్రం శనివారం వెళ్లి రమ్మని చెప్పి బయలుదేరాం.