పికప్ వాహనానికి పక్క మెట్టు: భద్రత అంతా బిగింపులోనే

వ్యవసాయ ఉత్పత్తుల రవాణాలో చిన్న పికప్ వాహనాల పాత్ర నానాటికీ పెరుగుతోంది. తెల్లవారకముందే కూరగాయలను రైతు బజారుకు చేర్చాలన్నా, మిరప బస్తాలను గుంటూరు యార్డుకు, టమాటా పెట్టెలను మదనపల్లె మార్కెట్టుకు తరలించాలన్నా, చెరువు గట్టున పట్టిన రొయ్యలను ఐసులో పెట్టి పంపాలన్నా ఈ వాహనాలే ఆధారం. వీటి క్యాబిన్ నేలకు ఎత్తుగా ఉంటుంది. డ్రైవరు రోజుకు అనేక సార్లు ఎక్కి దిగాలి. సరుకుపై టార్పాలిన్ కప్పి తాడు బిగించే మనిషికి నిలబడటానికి చోటు కావాలి. అందువల్ల చాలామంది యజమానులు వాహనం కొన్న తరువాత విడిభాగాల దుకాణంలో సైడ్ స్టెప్పులు, అనగా పక్క మెట్లు, కొని అమర్చుకుంటారు.

మెట్టు చూడటానికి దృఢంగానే ఉంటుంది. అది ఊడితే మాత్రం భుజాన బస్తా ఉన్న మనిషి వెనక్కి పడతాడు. నడుస్తున్న వాహనం నుండి జారితే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుకు ప్రమాదం. ఇటువంటి వైఫల్యాలలో మెట్టు గొట్టం విరగడం అరుదు. అది చాసిస్‌ను కలిసే చోట ఉన్న బోల్టు, బ్రాకెట్ లేదా వెల్డింగు ముందుగా దెబ్బతింటుంది. కాబట్టి మెట్టు ఎంపిక కన్నా దానిని బిగించే విధానానికే ఎక్కువ శ్రద్ధ అవసరం.

మెట్టుపై పడే బలం ఎంత?

70 కిలోల మనిషి 50 కిలోల బస్తాతో మెట్టుపై కాలు మోపాడనుకుందాం. మొత్తం 120 కిలోలు, అనగా సుమారు 1,180 న్యూటన్ల బలం. అతడు ఒక బ్రాకెట్‌కు నేరుగా పైన నిలబడితే ఈ బరువులో అధిక భాగం ఆ ఒక్క బ్రాకెట్‌పైనే పడుతుంది. చాసిస్ పట్టీ నుండి మెట్టు మధ్య భాగం వరకు 35 సెంటీమీటర్ల దూరం ఉంటే బ్రాకెట్ మొదట్లో 413 న్యూటన్-మీటర్ల భ్రామకం ఏర్పడుతుంది. బ్రాకెట్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులు ఒకదాని కింద ఒకటి 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పై బోల్టును బయటకు లాగే బలం దాదాపు 5,150 న్యూటన్లు.

ఇది నెమ్మదిగా బరువు మోపినప్పటి లెక్క. హఠాత్తుగా ప్రయోగించిన బరువు నిశ్చల బరువుకు రెండు రెట్ల ప్రతిబలాన్ని కలిగిస్తుందని యంత్రశాస్త్రం చెబుతుంది. ఆ ప్రకారం పై బోల్టుపై పడే లాగుడు 10,300 న్యూటన్లకు, అనగా ఒక టన్ను బరువుకు మించుతుంది. ఎగిరి మెట్టుపైకి దూకితే ఇంకా ఎక్కువ. బోల్టుల మధ్య దూరం 8 నుండి 4 సెంటీమీటర్లకు తగ్గితే ఈ బలం రెట్టింపై 20,000 న్యూటన్లు దాటుతుంది. పొట్టి బ్రాకెట్లు చవకగా దొరికినా ఎందుకు పనికిరావో ఈ లెక్కే తెలుపుతుంది.

బోల్టు బలం, బిగింపు బలం

బోల్టు తలపై 8.8 అని ముద్రించి ఉంటే దాని తన్యతా బలం చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు, శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు 640 న్యూటన్లు అని అర్థం. తలపై ఏ గుర్తూ లేని బోల్టు బలాన్ని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే మంచి బోల్టు వాడినంత మాత్రాన అతుకు భద్రం కాదు. బోల్టును బిగించినప్పుడు అది స్ప్రింగువలె స్వల్పంగా సాగి, బ్రాకెట్‌ను చాసిస్‌కు అదిమి పట్టుకుంటుంది. ఈ అదుముడే బిగింపు బలం. మెట్టుపై పడే లాగుడు బిగింపు బలం కన్నా తక్కువగా ఉన్నంతవరకు రెండు లోహాలూ విడిపోవు, బోల్టులోని ప్రతిబలం పెద్దగా మారదు. వాటి మధ్య ఘర్షణ వల్ల బ్రాకెట్ కిందికి జారదు.

వదులుగా ఉన్న బోల్టు పరిస్థితి వేరు. మనిషి ఎక్కిన ప్రతిసారీ మొత్తం బలం దానిపై పడి, దిగగానే తొలగిపోతుంది. ఇలా పదేపదే మారే బలానికి మరల మొదట్లో సన్నని పగులు ఏర్పడి క్రమంగా లోపలికి పాకుతుంది. దీనినే లోహ అలసట అంటారు. బోల్టు మరలు తట్టుకోగల మారుడు ప్రతిబలం వాటి తన్యతా బలంలో చిన్న భాగం మాత్రమే. అందుకే టన్ను బరువునైనా ఆపగల బోల్టు, వదులైతే ఒక మనిషి బరువుకే కొన్ని నెలల్లో విరగవచ్చు.

ఎండు మరలు గల 8.8 తరగతి బోల్టులకు సాధారణంగా పాటించే టార్కు ఎం8కు సుమారు 25, ఎం10కు 50, ఎం12కు 85 న్యూటన్-మీటర్లు. వీటివల్ల ఎం8లో దాదాపు 15,600 న్యూటన్లు, ఎం10లో 25,000 న్యూటన్ల బిగింపు బలం వస్తుంది. పై ఉదాహరణలోని 10,300 న్యూటన్లతో పోల్చితే ఎం10 బోల్టులోనే తగినంత మిగులు కనిపిస్తుంది. తయారీదారు వేరే విలువ సూచిస్తే దానినే పాటించాలి.

పానాపై పెట్టిన శ్రమలో దాదాపు పదో వంతు మాత్రమే బిగింపు బలంగా మారుతుంది. మిగిలినది బోల్టు తల కింద, మరలలో ఘర్షణకే ఖర్చవుతుంది. కాబట్టి మరలకు గ్రీజు రాసి అదే టార్కు ఇస్తే బోల్టు అతిగా సాగుతుంది; తుప్పు పట్టిన మరలకు అదే టార్కు ఇస్తే బిగింపు చాలదు. చేతి అంచనాపై ఆధారపడక టార్క్ రెంచ్ వాడాలని చెప్పడానికి కారణం ఇదే.

ఎక్కడ బిగించాలి?

చాలా పికప్‌లలో నిచ్చెన వంటి ఉక్కు చాసిస్‌పై క్యాబిన్ రబ్బరు దిమ్మెల ఆధారంగా కూర్చుంటుంది. గతుకుల బాటలో చాసిస్ మెలితిరిగినప్పుడు క్యాబిన్ దానితో పాటు పూర్తిగా కదలదు. మెట్టు ఒక కొన చాసిస్‌కు, మరొక కొన క్యాబిన్‌కు బిగిస్తే ఈ భిన్నమైన కదలికలు అతుకును నిరంతరం లాగుతూ ఉంటాయి. అన్ని బ్రాకెట్లూ చాసిస్‌కే బిగించడం ఉత్తమం. తలుపు కింది రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ. తయారీదారు అక్కడ ప్రత్యేకంగా బలపరచిన మర రంధ్రాలు ఇచ్చి ఉంటే తప్ప ఆ రేకుపై మనిషి బరువు మోపరాదు.

చాసిస్‌లో తయారీదారు వదిలిన రంధ్రాలనే వాడుకోవాలి. పట్టీ పై అంచు, కింది అంచులలో వంపు ప్రతిబలం అత్యధికం. అక్కడ కొత్త రంధ్రం చేస్తే పగులుకు బీజం వేసినట్లే. చాసిస్‌కు వెల్డింగు చేయడమూ సరికాదు. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారి ఆ అంచు నుండే పగులు మొదలవుతుంది. విద్యుత్ ప్రవాహం వల్ల ఎలక్ట్రానిక్ భాగాలు చెడే అవకాశమూ ఉంది. బ్రాకెట్ అమర్చే ముందు పట్టీ వెంట సాగే బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టాలు, వైర్లు ఎక్కడున్నాయో చూసి, బ్రాకెట్ వాటిని ఒరుసుకోకుండా జాగ్రత్త పడాలి.

బిగించే క్రమం

1. వాహనాన్ని చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. కేవలం జాకీపై నిలిపిన వాహనం కిందికి ఎవరూ దూరరాదు.

2. బ్రాకెట్ కూర్చునే చోట మట్టి, తుప్పు, పొరలు కట్టిన రంగు తొలగించి, పలుచటి తుప్పు నిరోధక పూత వేసి ఆరనివ్వాలి. మందపాటి రంగు బోల్టు కింద క్రమంగా అణగి బిగింపును తగ్గిస్తుంది. ఈ కారణంగానే బిగించే అతుకు మధ్య రబ్బరు ముక్క పెట్టరాదు.

3. అన్ని బ్రాకెట్లనూ ముందు చేతితో వదులుగా తగిలించి, మెట్టును వాటిపై కూర్చోబెట్టి, నేలకు సమాంతరంగా సరిచూసుకోవాలి. తలుపు పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో కూడా చూడాలి.

4. మొదట చాసిస్ బోల్టులను, తరువాత మెట్టు బోల్టులను రెండు విడతలుగా, సగం టార్కుకు ఒకసారి, పూర్తి టార్కుకు మరొకసారి బిగించాలి.

5. ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ వరకు రంగుతో ఒక గీత గీయాలి. ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని చూడగానే తెలుస్తుంది.

స్ప్రింగ్ వాషరు వేస్తే నట్టు వదులు కాదన్న నమ్మకం మన వర్క్‌షాపులలో బలంగా ఉంది. అడ్డంగా కుదిపే కంపనాల వల్ల మరల అతుకులు ఎలా వదులవుతాయో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో పరీక్షా యంత్రంతో నిరూపించాడు. ఆయన పేరుతో నేటికీ కొనసాగుతున్న ఆ పరీక్షలో సాధారణ స్ప్రింగ్ వాషరు కంపనాలను సమర్థంగా నిలువరించదని తేలింది. నైలాన్ కంఠం గల లాక్ నట్టు మేలు. ఒకసారి విప్పిన తరువాత దాని పట్టు తగ్గుతుంది గనుక కొత్తది వేయడం మంచిది.

తుప్పు ముప్పు

వ్యవసాయ వాహనానికి తుప్పు బెడద ఎక్కువ. రొయ్యలు, చేపలు మోసే బండి నుండి కారే ఉప్పునీరు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తా నుండి రాలిన పొడి రెండింటిలోనూ క్లోరైడు ఉంటుంది. అది తేమతో కలిసి జింకు పూతను త్వరగా తినివేస్తుంది. రెండు భిన్న లోహాలు ఉప్పునీటిలో తాకినప్పుడు వాటిలో ఒకటి వేగంగా క్షీణిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మెట్టుకు మామూలు ఉక్కు బోల్టు వేస్తే చిన్నదైన బోల్టే ముందు హరించుకుపోతుంది. అల్యూమినియం మెట్టుకు ఉక్కు బోల్టు వేస్తే అల్యూమినియం దెబ్బతింటుంది. మెట్టుకూ బ్రాకెట్‌కూ నడుమ తగిన పూత వేయడం, లోడు దించిన తరువాత మంచినీటితో కడగడం దీనికి నివారణ. స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదన్న కారణంతో దానిని 8.8 బోల్టుకు బదులు వాడాలనుకుంటే, సాధారణ ఏ2-70 రకం 450 న్యూటన్ల వద్దనే శాశ్వతంగా సాగడం మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

తనిఖీ, చట్టం

కొత్త అతుకు మొదటి ప్రయాణాలలోనే కొంత సర్దుకుంటుంది. కనుక తొలి 100 కిలోమీటర్ల తరువాత, మళ్లీ 1,000 కిలోమీటర్లకు టార్కు సరిచూడాలి. ఆపై ప్రతి సర్వీసులోనూ, పంట రవాణా ముమ్మరమయ్యే ముందూ పరీక్షించాలి. బోల్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోహాలు ఒరుసుకుంటున్నాయని అర్థం. అటువంటి బోల్టును మళ్లీ బిగించి సరిపెట్టక మార్చివేయాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. అందువల్ల ఆ నమూనాకు తయారీదారు ఆమోదించిన మెట్టును ఎంచుకోవడం, సందేహముంటే రవాణా కార్యాలయంలో ముందే విచారించడం మేలు. అదే చట్టంలోని 123వ సెక్షను ఫుట్‌బోర్డుపై మనుషులను నిలబెట్టి వాహనం నడపడాన్ని నిషేధిస్తుంది. మెట్టు ఎంత గట్టిగా బిగించినా అది ఎక్కి దిగడానికే గాని కూలీల ప్రయాణానికి కాదు.

కృషి విజ్ఞాన కేంద్రాలలో యంత్ర పరికరాల శిక్షణ ఇచ్చే శాస్త్రవేత్తలు ఈ అంశాన్ని ఒక గంట ప్రదర్శనగా చేర్చవచ్చు. ఒక బ్రాకెట్, రెండు బోల్టులు, ఒక టార్క్ రెంచ్ ఉంటే చాలు. చేతి అంచనాతో బిగించిన బోల్టునూ రెంచ్‌తో బిగించిన బోల్టునూ పోల్చి చూపితే తేడా యువ రైతుకు, డ్రైవరుకు వెంటనే బోధపడుతుంది. ట్రాక్టరు మెట్టు, ట్రాలీ కొక్కెం, స్ప్రేయరు చట్రం వంటి ప్రతి మర అతుకుకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి.