పంట నష్టం ఎంత శాతం? మీరే లెక్క వేసుకోండి

వరంగల్ జిల్లా రైతులకు,

రాళ్లవాన పడ్డ తర్వాత ఏఈఓ చేను దగ్గరికి వస్తే మనం "సగం పోయింది సారూ", "మూడో వంతు పోయింది" అని చెప్తాం. ఆయన రాసుకునేది మాత్రం శాతం. నష్టపరిహారానికి అర్హత తేలేది ఆ శాతం మీదే. నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉండాలి. 2015కు ముందు 50 శాతం, అంటే సగం పంట పోతేనే లెక్కలోకి వచ్చేది. 2023 మార్చి వడగండ్ల వానలప్పుడు కూడా ఈ 33 శాతాన్నే చూశారు. అందుకే వంతును శాతంగా మార్చడం ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి.

శాతం అంటే నూటికి ఎంత

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం. ఇది మనకు కొత్త కాదు. పంట లెక్క కూడా అట్లనే. మొత్తం పంట వంద అనుకుంటే, అందులో పోయింది ఎంత?

లెక్క ఇది: పోయినదాన్ని 100తో గుణించి, మొత్తంతో భాగించాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఉదాహరణకు, ఎకరం వరిలో 24 క్వింటాళ్లు రావాల్సి ఉండగా 9 క్వింటాళ్లు రాలిపోయాయి అనుకుందాం.
9 × 100 = 900. 900 ÷ 24 = 37.5 శాతం. 33 దాటింది.

అదే 7.5 క్వింటాళ్లే పోతే?
750 ÷ 24 = 31.25 శాతం. 33కు తక్కువ. చూడటానికి "మూడో వంతు పోయింది" అనే అనిపిస్తుంది, కానీ లెక్కలో అందదు.

గుర్తుంచుకోవాల్సినవి

పదో వంతు: 10 శాతం
ఎనిమిదో వంతు: 12.5 శాతం
ఐదో వంతు: 20 శాతం
పావు వంతు: 25 శాతం
మూడో వంతు: 33.33 శాతం
ఐదింట రెండొంతులు: 40 శాతం
సగం: 50 శాతం
మూడింట రెండొంతులు: 66.67 శాతం
ముప్పావు: 75 శాతం

ఈ రెండు పొరపాట్లు చేయకండి

ఒకటి: మిగిలిన పంటతో భాగించకూడదు. పై లెక్కలో మిగిలింది 15 క్వింటాళ్లు. 900ను 15తో భాగిస్తే 60 వస్తుంది. అది తప్పు. ఎప్పుడైనా మొత్తంతోనే భాగించాలి.

రెండు: "మూడో వంతు" వేరు, "మూడొంతులు" వేరు. మూడో వంతు అంటే 33.33 శాతం. మూడొంతులు అంటే మన వాడుకలో నాలుగింట మూడు, అంటే 75 శాతం. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎంత తేడానో చూడండి. అందుకే వంతు చెప్పకుండా "24 క్వింటాళ్లకు 9 పోయినయి" అని అంకెల్లోనే చెప్పండి.

మీరు చేయాల్సింది

పంట దెబ్బతిన్న వెంటనే ఫొటోలు తీసి ఏఈఓకు చెప్పండి. పరిశీలనకు వచ్చినప్పుడు చేను దగ్గరే ఉండండి. జాబితాలో మీ పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చూసుకోండి. శాతం ఎంత రాశారో అడగండి. శాతాన్ని ఖరారు చేసేది అధికారులే. అయినా మీ లెక్కకూ వారి లెక్కకూ తేడా వస్తే, "మొత్తం ఎంత పట్టారు, పోయింది ఎంత పట్టారు?" అని మండల వ్యవసాయ అధికారిని అడగండి. తేడా ఎక్కడుందో ఆ రెండు అంకెల్లోనే తెలిసిపోతుంది.