మన ప్రాంతపు రొట్టెయు, పప్పును, బండయు



గత శీతకాలమున ఒక మధ్యాహ్నము భోజన విరామమందు నేను బడి ఆవరణలోని వేపచెట్టు క్రింద నిలుచుండగా, ఆరవ తరగతి బాలుడొకడు గోడవైపు తిరిగి కూర్చుండి, డబ్బా మూత సగమే తెరచి తినుచుండుట చూచితిని. దగ్గరకు పోగా అందులో జొన్నరొట్టెయు, పుంటికూర పప్పును ఉండెను. ఏల దాచుకొని తినుచున్నావని యడిగితిని. "అందరు అన్నమే తెచ్చుకున్నరు, సార్" అని తల వంచుకొనెను. నేను వానిని మందలింపలేకపోతిని. ముప్పదియైదేండ్ల క్రిందట నేనును అట్లే గోడవైపు తిరిగి కూర్చుంటిని. ఆ డబ్బాలోని భోజనమును గూర్చియు, దానిని పండించిన నేలను గూర్చియు నాకు తెలిసిన సంగతులు ఇచ్చట వ్రాయుచున్నాను.

వికారాబాదు చేరువ అనంతగిరి కొండలపై వాన కురిసినప్పుడు ఆ నీరు రెండు దారులు పట్టును. తూర్పునకు పారినది మూసీనదియై, హైదరాబాదు నగరము మీదుగా పోయి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. పడమటికి పారినది కాగ్నానదియై, తాండూరు ప్రక్కగా పోయి, కర్ణాటకమున భీమానదిలో కలిసి, తుదకు కృష్ణనే చేరును. ఒక కొండపై విడిపోయిన నీళ్లు ఎంతో దూరము తిరిగి ఒక నదిలోనే కలిసికొనుచున్నవి.

ఆ పడమటి వైపున నల్లరేగడి నేలలు విస్తారముగా నున్నవి. నల్లరేగడి తేమను చాలకాలము పట్టియుంచును; కందిమొక్క వేరు లోతునకు దిగును. గనుక తొలకరికి విత్తిన కంది, వానలు నిలిచిన పిమ్మటను అడుగు తేమను పీల్చుకొని పెరిగి, డిసెంబరు, జనవరి మాసములలో కోతకు వచ్చును. దాని వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలము చేకూర్చును. రాలిన ఆకులు ఎరువగును. 2022వ సంవత్సరమున తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా, ఈ ప్రాంతమున పండిన కందికే ఆ పేరు చెల్లునని చట్టరీత్యా నిశ్చయమైనది.

జొన్నయు ఈ నేలకు తగిన పైరే. మా తల్లి రొట్టె చేయు విధము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. గోధుమపిండిలో సహజమైన జిగురు గలదు. జొన్నపిండిలో అది లేదు. చన్నీళ్లతో కలిపినచో రొట్టె విరిగిపోవును. మరిగిన నీళ్లు పోసినచో పిండిలోని గంజిపదార్థము కొంత ఉడికి జిగట పుట్టును. పిమ్మట ఆమె పిండిని అరచేతితో బాగుగా మెదిపి, ముద్ద చేసి, పొడిపిండి చల్లిన పీటపై తట్టుచు త్రిప్పెడిది. పెనముపై వేసిన వెంటనే పైభాగమున తడిగుడ్డతో నీళ్లు రాసి, ఆ తడి ఆరునంతలో తిరుగవేయవలెను. ఆలస్యమైనచో రొట్టె పగులును. తుదకు నిప్పులపై కాల్చినచో పొంగును. "తట్టే చప్పుడు వింటేనే తెలుస్తది, రొట్టె మంచిగొస్తదో లేదో" అని ఆమె అనెడిది.

ఇట్టి నేర్పు గల భోజనమునకు సిగ్గు ఎట్లు కలిగినది? మా పెద్దల కాలమున వరియన్నము పండుగనాటి భోజనము. 1983వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమునిచ్చు పథకము నారంభించెను. అది ఆకలిగొన్న యిండ్లకు గొప్ప మేలు చేసినది. మా యిల్లును వానిలో నొకటి. అయితే బియ్యము చౌకయైనను దాని గౌరవము తగ్గలేదు. రొట్టె మాత్రము పేదవాని కూడను పేరు మోసెను. శాస్త్రము చెప్పునది వేరు. మాంసకృత్తులలో జొన్నయందు కొరతగా నుండు అంశమొకటి కందిపప్పునందు సమృద్ధిగా నున్నది. రెంటిని కలిపి తినిన మన పూర్వులు ఆ పేరు ఎరుగకపోయినను ఆ ఫలము పొందిరి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. జొన్నయు ఆ ధాన్యములలోనిదే.

మన రెండవ సంపద ఆ మన్ను క్రిందనే యున్నది. కోట్లకొలది యేండ్ల క్రిందట ఇచ్చట సముద్రముండెను. దాని అడుగున సున్నపు బురద పొరమీద పొరగా పేరుకొని, గట్టిపడి రాయియైనది. అందుచేతనే తాండూరు బండ పుస్తకపు పుటలవలె విడివడును. నీలివన్నెదియు, పసుపువన్నెదియు దొరకును. హైదరాబాదును వాడితో కలిపిన రైలుమార్గము 1874లో మన పట్టణముల మీదుగా వచ్చుటచే బరువైన సరకును దూరమునకు పంపుట సులభమైనది.

మా తండ్రి గనిలో ఇరువది రెండేండ్లు పనిచేసెను. గడ్డపారతో పొరసందు కనుగొని పలకను మెల్లగా లేపి, సుత్తితో తట్టి, చెవి యొగ్గి వినెడివాడు. గణగణ మ్రోగినది మంచి బండ. మందముగా పలికినది లోపల బీట గలది. రొట్టె సంగతి మా తల్లి చెవికి తెలిసినట్లే బండ సంగతి అతని చెవికి తెలియును. అయితే చివరి సంవత్సరములలో అతడు దుమ్మువలన దగ్గు పట్టుకొని, రాత్రులు కూర్చుండియే నిద్రించెను. కోయునప్పుడు నీళ్లు పోసిన దుమ్ము తగ్గుననియు, ముక్కునకు తగిన కవచము ధరింపవలెననియు నాడు అతనికి చెప్పినవారు లేరు. తలిదండ్రులు దీనిని గమనింప గోరుచున్నాను. విద్యార్థులారా, విడిచిన గనిగుంటలలో నిలిచిన నీటిలో మీరు ఈతకు దిగకుడు. వాని లోతు పైకి తెలియదు.

వికారాబాదు అను పేరు నిజాము దివానుగా నుండిన నవాబు వికారుల్ ఉమ్రా పేర వచ్చినది. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. 2016 నుండి రెండు పట్టణములును వికారాబాదు జిల్లాలోనివి. తాండూరు అంగడిలో ఒకే గింజను ఒకరు కంది యందురు, ఒకరు తొగరి యందురు, మరియొకరు తువర్ అందురు. బేరము మాత్రము ఆగదు.

మరునాడు నేనును రొట్టె తెచ్చుకొని ఆ బాలుని ప్రక్కను కూర్చుంటిని. అతడు నా రొట్టె తుంచి చూచి, "గట్టిగున్నది సార్. మా అమ్మ ఇంక మెత్తగ చేస్తది" అనెను. అది నిజమే, నాకు ఆ నేర్పు అబ్బలేదు.

ఈ సెలవులలో మీరును మీ యింటి పెద్దలను, వారు చేయు వంటను గూర్చి గాని, పనిని గూర్చి గాని అడిగి, వారు చెప్పిన మాటలలోనే వ్రాసి తెండు. బడి తెరచిన వారములో వానిని తరగతిలో చదువుదము.