పాస్‌ రెన్యువల్‌ సరే... మరి ఒంటి సంగతి?

అమ్యూజ్‌మెంట్‌ పార్కు పాస్‌కు గడువు తీరుతుంటే ఫోన్‌కు మెసేజ్‌ వస్తుంది. మన బీపీ పెరిగినా, నడుము దెబ్బతిన్నా, కంటిచూపు మారినా ఏ మెసేజూ రాదు. అందుకే పాస్‌ రెన్యువల్‌ చేయించే రోజునే ఇంటిల్లిపాదీ ఆరోగ్యాన్నీ ఓసారి సరిచూసుకోవడం మేలు.

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో పిల్లలు ‘బెంగళూరు ఎప్పుడు పోదాం?’ అని మొదలుపెడతారు. ఈ మూడు ఊళ్లూ బెంగళూరు వెళ్లే రైలు మార్గంలోనే ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగళూరుకు దాదాపు 100 కిలోమీటర్లే. ఆ నగరం దాటి మైసూరు రోడ్డులో కొంత దూరం పోతే బిడది దగ్గర 2005లో మొదలైన వండర్‌లా పార్కు ఉంది. 2016లో హైదరాబాద్‌ శివారు రావిర్యాలలోనూ వండర్‌లా వచ్చింది కానీ, మన వైపు వారికి బెంగళూరే దగ్గర. పిల్లల చదువులు, ఉద్యోగాలు కూడా అక్కడే కావడంతో ఏడాదిలో నాలుగైదుసార్లు పోయే కుటుంబాలూ ఉన్నాయి. అలాంటివారికి ప్రతిసారీ టికెట్‌ కొనేకన్నా సీజన్‌ పాస్‌ లాభమనిపిస్తుంది.

కుటుంబమంతా కలిసి ఓ రోజు ఆడిపాడి రావడం మనసుకూ ఒంటికీ మంచిదే. వద్దనడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పోయినేడు మనకు సరిపడిన రైడ్‌ ఈ ఏడాదీ సరిపడుతుందన్న హామీ ఆ పాస్‌లో ఉండదు.

‘పోయినేడు ఎక్కినా కదా సార్‌’

పోయిన వేసవిలో ధర్మవరం వైపు నుంచి మగ్గం నేసే వ్యక్తి ఒకరు మా ఓపీకి వచ్చారు. వయసు నలభై ఏడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇంట్లో అందరికీ పార్కు పాస్‌లు రెన్యువల్‌ చేయించింది. ముందురోజు రోలర్‌ కోస్టర్‌ దిగాక ఆయనకు తల దిమ్మెక్కి, కళ్లు బైర్లు కమ్మాయి. కాసేపు అక్కడే కూర్చుండిపోయారు. అక్కడ ఎవరికీ చూపించుకోకుండా రాత్రికి ఇల్లు చేరి, తెల్లారి ఆసుపత్రికి వచ్చారు. బీపీ చూస్తే 180/110 ఉంది. ఆయన అన్న మొదటి మాట: ‘పోయినేడు ఇదే ఎక్కినా కదా సార్‌, అప్పుడేం కాలా’.

నిజమే. కానీ ఈ ఏడాది మధ్యలో ఆయనకు బీపీ బయటపడింది. మాత్రలు మొదలుపెట్టి, తలనొప్పి తగ్గిందని రెండు నెలలకే ఆపేశారు. పాస్‌ వివరాలు నింపేటప్పుడు ‘ఆరోగ్య సమస్యలు లేవు’ అన్నచోట కూతురు పోయినేటిలాగే టిక్‌ పెట్టింది. నాన్నకు బీపీ ఉందని ఆమెకు తెలియదు. దూరాన ఉన్న పిల్ల కంగారుపడుతుందని ఇంట్లో చెప్పలేదు. అదృష్టవశాత్తూ ఆయనకు పక్షవాతం రాలేదు. పరీక్షలన్నీ చేసి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం.

మన ఇళ్లలో ఇది మామూలే. పెద్దవాళ్లు జబ్బు దాస్తారు, పిల్లలు ఫారం నింపుతారు. పార్కు సిబ్బంది మనం రాసిందే నమ్ముతారు.

రైడ్‌లో ఒంట్లో ఏం జరుగుతుంది?

ఎత్తు నుంచి ఒక్కసారిగా కిందికి జారినప్పుడు మెదడు దాన్ని ప్రమాదంగానే తీసుకుంటుంది. అడ్రినలిన్‌ విడుదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు క్షణాల్లో పెరుగుతాయి. జర్మనీలోని మన్‌హైమ్‌ వైద్యులు 55 మంది ఆరోగ్యవంతులను రోలర్‌ కోస్టర్‌ ఎక్కించి, ఈసీజీ తీస్తూ గమనించారు. సగటున నిమిషానికి 91 ఉన్న గుండె వేగం 153కు చేరింది. ఈ వివరాలు 2007లో అమెరికన్‌ మెడికల్‌ అసోసియేషన్‌ జర్నల్‌లో వచ్చాయి. గుండె బాగున్నవారు దీన్ని తట్టుకుంటారు. తమకు తెలియకుండానే రక్తనాళాల్లో పూడికలున్నవారికి, బీపీ అదుపులో లేనివారికి ఇదే ముప్పు కావచ్చు.

రెండోది కుదుపు. మన తల బరువు దాదాపు నాలుగున్నర, ఐదు కిలోలు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ బరువును మెడ ఆపాలి. నడుం దగ్గర బెల్టు గట్టిగా పట్టేసి ఉంటుంది కాబట్టి పైభాగం ఊగిన ఊపంతా మెడ, వెన్నుపూసల మీదే పడుతుంది.

ఏడాదిలో ఏం మారి ఉండొచ్చు?

బీపీ, గుండె: 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పెద్ద రైడ్‌ల జోలికి పోవద్దు. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్‌ వేయించుకున్నవారు, పేస్‌మేకర్‌ ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు తమ డాక్టర్‌ను అడగకుండా ఎక్కకూడదు. బీపీ మాత్రతో అదుపులో ఉన్నా, రైడ్‌ దగ్గర బోర్డులో ‘బీపీ ఉన్నవారు ఎక్కరాదు’ అని ఉంటే దాన్ని పాటించాల్సిందే.

నడుము, మెడ: గుంట మగ్గం మీద రోజుకు పది గంటలు వంగి కూర్చునే నేతన్నలకు నడుంనొప్పి కొత్త కాదు. అలవాటైన నొప్పే కదా అని రైడ్‌ ఎక్కేస్తారు. నొప్పి నడుం నుంచి కాల్లోకి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా, దగ్గితే ఝుమ్మని లాగుతున్నా డిస్కు సమస్య అయ్యుండొచ్చు. ఈ స్థితిలో కుదుపు రైడ్‌లు వద్దు. ఎముకలు పెళుసుబారిన పెద్దవయసు మహిళలకూ ఇదే మాట.

మధుమేహం: పార్కులో భోజనం వేళ తప్పుతుంది, నడక ఎక్కువవుతుంది. ఇన్సులిన్‌, గ్లిమిపిరైడ్‌ లాంటి మందులు వాడేవారికి షుగర్‌ పడిపోయే ప్రమాదం ఎక్కువ. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే రైడ్‌ భయం అనుకుని ఊరుకోవద్దు. వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్‌ నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తీసుకోవాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు, చెడిపోతుంది. ఇంకో ముఖ్య విషయం. నీటి ఆటల దగ్గర చెప్పులు విప్పేసి నడుస్తారు. కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్‌ రోగులకు ఎండకు కాలిన నేల సెగ తెలియదు. అరికాళ్లు బొబ్బలెక్కి, పుండ్లయ్యాకే తెలుస్తుంది. నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు వెంట తీసుకెళ్లాలి.

రక్తహీనత: గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్‌ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. బాగా తగ్గినవారు ఎండలో గంటసేపు క్యూలో నిలబడితేనే కళ్లు తిరిగి పడిపోవచ్చు. నెలసరిలో అధిక రక్తస్రావం ఉన్నవారు ఓసారి పరీక్ష చేయించుకోవాలి.

గర్భం: పాస్‌ తీసుకున్నప్పుడు లేకపోయినా ఈ నెలలో ఉండొచ్చు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సరే, కుదుపు రైడ్‌లు, ఎత్తైన నీటి జారుడుబల్లలు వద్దు.

కళ్లు, మూర్ఛ: శుక్లాల ఆపరేషన్‌ అయినవారు కంటి డాక్టర్‌ సరేననేదాకా కొన్ని వారాలు పూల్‌లో దిగకూడదు. మైనస్‌ 6 దాటిన కళ్లజోడు ఉన్నవారికి రెటీనా పలుచగా ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద రైడ్‌లకు ముందు కంటిపరీక్ష చేయించుకోవాలి. మూర్ఛ ఉన్నవారు మెరుపు లైట్ల ప్రదర్శనలకు, నీటి ఆటలకు దూరంగా ఉండటం క్షేమం.

పిల్లలు: ‘పోయినేడు ఎత్తు చాలలేదు, ఈ ఏడాది పెరిగాడు’ అని సంబరపడతాం. ఎత్తు నిబంధన బెల్టు, కడ్డీ సరిగా పట్టుకోవడానికే. బిడ్డ భయపడుతుంటే, మెడ నిలబెట్టి కూర్చోలేకపోతుంటే బలవంతంగా ఎక్కించొద్దు. ఏడుస్తున్న పిల్లల్ని ‘ధైర్యం వస్తుంది’ అని తోయడం మంచి పద్ధతి కాదు.

‘గడువు అయిపోతోంది, డబ్బులు దండగ’

పాస్‌తో వచ్చే చిక్కు ఇదే. టికెట్‌ అయితే ఒంట్లో బాగాలేనప్పుడు వాయిదా వేస్తాం. పాస్‌ ఈ నెలాఖరుకు ముగిసిపోతుందంటే జ్వరం మాత్ర వేసుకుని మరీ బయల్దేరుతాం. ఎన్నిసార్లు పోతే అంత గిట్టుబాటు అన్న లెక్క మనది. డెంగీ నుంచి కోలుకుంటున్నవారికి ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువగా ఉండొచ్చు. అప్పుడు చిన్న దెబ్బ కూడా రక్తస్రావానికి దారితీయొచ్చు. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు వెళ్తే ఒంట్లో నీరు మరింత తగ్గి ఎండదెబ్బ తగులుతుంది. పాస్‌కు కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. దాని కోసం ఆసుపత్రికి మరింత కట్టుకోవడం ఏం లాభం?

నీటి ఆటల్లో...

పూల్‌ దగ్గర ఘాటైన వాసన వస్తే క్లోరిన్‌ బాగా వేశారనుకుంటాం. నిజానికి అది చెమట, మూత్రం వంటివి క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన. కళ్లు మండటానికీ అవే ప్రధాన కారణం. దిగే ముందు స్నానం చేయడం, పిల్లల్ని గంటకోసారి మూత్రానికి తీసుకెళ్లడం అందరికీ మంచిది. విరేచనాలవుతున్న పిల్లల్ని దించొద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌ సరిగా వేసిన నీళ్లలో కూడా వారానికి పైగా బతకగలదు. తగ్గాక కూడా వీలైతే రెండు వారాలు ఆగాలి. చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు నీళ్లలో మునగకూడదు. చిన్నపిల్లలు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. లైఫ్‌గార్డు ఉన్నాడు కదా అని ఫోన్‌ చూస్తూ కూర్చోవద్దు.

తిరుగు ప్రయాణమే అసలు గండం

పార్కు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది రోడ్డు. కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని, కన్ను మూయకుండా తెల్లవారుజామునే కుటుంబంతో కారెక్కేవారు పెనుకొండ ప్రాంతంలో ఉన్నారు. పగలంతా ఎండలో తిరిగి, రాత్రి మళ్లీ స్టీరింగ్‌ పట్టుకుంటారు. ధర్మవరానికైతే ఒకవైపే 200 కిలోమీటర్ల దాకా. అలసిన మెదడు రెండు మూడు సెకన్లు తనంతట తానే నిద్రలోకి జారుకుంటుంది. ఆ రెండు సెకన్లలో కారు యాభై మీటర్లు పోతుంది. టీ, పాటలు నిద్రను ఆపలేవు. డ్రైవింగ్‌ చేసేవారు ముందురోజు కనీసం ఏడు గంటలు నిద్రపోవాలి. లేదంటే రాత్రికి బంధువుల ఇంట్లో ఉండి పొద్దున్నే బయల్దేరాలి, లేదా రైలెక్కాలి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు మత్తు తెస్తాయి. డ్రైవర్‌ వాటిని వేసుకోకూడదు.

ఇంటిదాకా ఆగొద్దు

రైడ్‌ దిగాక ఛాతీలో నొప్పి లేదా బరువు, మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం, మాట తడబడటం, వాంతులతో పెరుగుతున్న తలనొప్పి, మెడలో భరించలేని నొప్పి, కంటికి తెర అడ్డొచ్చినట్టు ఉండటం... ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పార్కులోని ప్రథమ చికిత్స గదికి వెళ్లండి, 108కు ఫోన్‌ చేయించండి. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. ‘మన ఊరికి పోయి చూపించుకుందాం’ అనుకుంటే ఆ సమయం దారిలోనే కరిగిపోతుంది. ఎండలో ఉన్నవారు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ అంబులెన్స్‌ పిలవాలి.

కిడ్నీ రాయి పడిపోతుందా?

ఓపీలో చాలామంది నవ్వుతూ అడిగే ప్రశ్న ఇది. అమెరికాలో మిషిగన్‌ స్టేట్‌ యూనివర్సిటీ వైద్యులు సిలికాన్‌తో చేసిన కిడ్నీ నమూనాలో చిన్న రాళ్లు పెట్టి, డిస్నీ పార్కు రోలర్‌ కోస్టర్‌ మీద తిప్పి చూశారు. వెనక సీటులో రాళ్లు ఎక్కువగా కదిలాయి. 2016లో వచ్చిన ఈ ప్రయోగానికి 2018లో సరదా పరిశోధనలకిచ్చే ఇగ్‌ నోబెల్‌ దక్కింది. అది నమూనా మీద చేసిన ప్రయోగమే. రాయి కదిలి మూత్రనాళంలో ఇరుక్కుంటే నొప్పి భరించలేరు. రాయికి మందు డాక్టర్‌ దగ్గరే ఉంది.

రెన్యువల్‌ రోజు చేయాల్సినవి

- ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగర్‌ చూపించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలు ఉచితం.
- పోయినేటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన జబ్బులు, ఆపరేషన్లు, కొత్త మందులు ఓ కాగితం మీద రాసుకోవాలి.
- ఫారం నింపే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడగాలి. పాత వివరాలే మళ్లీ ఎక్కించొద్దు.
- ప్రయాణం రోజున కూడా బీపీ, షుగర్‌ మందులు మానొద్దు. చీటీ, మందులు చేతిసంచిలోనే ఉండాలి.
- బరువైన భోజనం చేశాక కనీసం రెండు గంటలు రైడ్‌లు ఎక్కొద్దు.
- దాహం వేయకముందే నీళ్లు తాగాలి. ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్‌ మీద రాసినంత నీటిలోనే కలపాలి.

ఊళ్లో తిరునాళ్లకు జెయింట్‌ వీల్‌ ఎక్కేవారికీ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఆ నేతన్న ఈ ఏడాది మార్చిలో మళ్లీ వచ్చారు. ఈసారి కూతురు కూడా వెంట ఉంది. బీపీ 132/84. ‘పాస్‌ ఇంకా చేయించలేదు సార్‌, ముందు మిమ్మల్ని అడుగుదామని’ అంది ఆ అమ్మాయి. పెద్ద రైడ్‌లు వద్దని, మనవడితో పిల్లల పూల్‌ దగ్గర, నింపాదిగా తిరిగే వాటిలో గడపొచ్చని చెప్పాను. ఆయన కాస్త ముఖం చిన్నబుచ్చుకున్నారు. ‘అయితే బ్యాగులు నేను చూసుకుంటాలే’ అన్నారు. ‘బ్యాగులకు లాకర్లు ఉండాయిలే నాయనా, నువ్వు మాతోనే ఉండు’ అంది కూతురు.