సహజప్రతిభ, శాస్త్రం, సాధన: కొన్ని అపోహలు – వాస్తవాలు

కళ పుట్టుకతో రావలసిందే గాని నేర్పితే వచ్చేది కాదని, నియమాలు తెలిసినవాడు పండితుడు కాగలడే గాని కవి కాలేడని తెలుగునాట తరచుగా వినిపిస్తుంది. లక్షణగ్రంథాలు చదివి, గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేయనివాడికి కళాకారుడనిపించుకొనే అర్హతే లేదన్నది దీనికి ఎదురువాదం. ఈ రెండు వాదాలూ ఒకదానినొకటి ఖండించుకుంటున్నట్టు కనిపించినా వాటి పొరపాటు మాత్రం ఒక్కటే: రెండూ శిక్షణను పాఠశాలతోనూ, నియమాన్ని నిషేధంతోనూ ముడిపెడుతున్నాయి. కవిత్వ, సంగీత, చిత్రకళల చరిత్ర ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా సాక్ష్యం పలకదు.

అపోహ: సహజకవులకు శాస్త్రంతో పని లేదు

ఈ అభిప్రాయానికి ఆధారంగా ముందుగా చూపే పేరు మొల్ల. సాధారణంగా 16వ శతాబ్దానికి చెందినదిగా భావించే ఈ కవయిత్రి తన రామాయణ అవతారికలో, అంటే కావ్యారంభంలో కవి తన గురించీ తన రచన గురించీ చెప్పుకొనే భాగంలో, తనకు శాస్త్రాలేవీ తెలియవనీ గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరం వల్లనే కవిత చెప్పగలుగుతున్నాననీ విన్నవించుకుంది. ఆ విన్నపాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నవారు, కుమ్మరి మొల్లగా ప్రసిద్ధికెక్కిన ఈ కవయిత్రి చదువు లేకుండానే కావ్యం రాసిందని తీర్మానించి, దానినే సహజప్రతిభకు నిదర్శనంగా ప్రచారం చేశారు.

అయితే తనకు తెలియవని ఆమె చెప్పిన విషయాల పట్టికను నిదానంగా చదివితే కథ మరోలా కనిపిస్తుంది. అందులో సంధులు, సమాసాలు, విభక్తులు, ధాతువులు, నిఘంటువులు, ఛందస్సు ఉన్నాయి. వాటితో పాటు ఒక పదాన్ని తీసి మరొక పదం పెట్టడానికి వీలులేనంతగా పదాలు కుదురుకొనే లక్షణమైన శయ్య, పదరచనలోని నడక తీరును తెలిపే రీతి, అర్థం పాఠకుడికి ఎంత సులువుగా అందుతుందన్నదానిని బట్టి కావ్యపు పక్వతను చెప్పే పాకం కూడా ఉన్నాయి. అలంకారశాస్త్రంతో పరిచయం లేనివారికి ఈ మాటలు తెలిసే అవకాశమే లేదు. పైగా ఆ పట్టికను ఆమె కూర్చింది సీసపద్యంలో. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు చొప్పున నాలుగు పాదాలు నడిపి, చివర ఆటవెలదినో తేటగీతినో చేర్చవలసిన ఆ పద్యంలో ఛందస్సు తెలియదని చెప్పడం వినయమే కావచ్చు, పండితులపై విసిరిన చిరునవ్వు కూడా కావచ్చు. అజ్ఞానం మాత్రం కానే కాదు. కావ్యారంభంలో వినయం ప్రకటించడం ఎందరో కవులు పాటించిన సంప్రదాయమని తెలిసీ, ఒక స్త్రీ పలికినప్పుడు మాత్రం ఆ వినయాన్ని అక్షరసత్యంగా స్వీకరించడంలో మొల్ల గురించి కంటే ఆమెను చదివినవారి గురించే ఎక్కువగా తెలుస్తుంది.

తనను సహజపాండిత్యుడిగా చెప్పుకొన్న పోతన విషయంలోనూ ఇదే జరిగింది. పండితుల విద్యకు భాగవతమే పరీక్ష అని సంస్కృతంలో నానుడి ఉండగా, ఆ గ్రంథాన్ని తెలుగు చేసిన కవి కేవలం భక్తిపారవశ్యంతో గంటం పట్టాడనుకోవడం ఆయన భక్తికి గౌరవమేమో గాని ఆయన చదువుకు అన్యాయం.

అపోహ: ప్రాచీన లక్షణకర్తలు ప్రతిభను కాదని నియమాలకే పట్టం కట్టారు

లక్షణగ్రంథమంటే నిషేధాల చిట్టా అనుకొనేవారు ఆ గ్రంథాలు తెరిచినది అరుదు. 11వ శతాబ్దానికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని చెప్పాడు. శక్తి అంటే కవిత్వానికి బీజమైన సహజ సంస్కారం. నిపుణత అంటే లోకాన్నీ శాస్త్రాలనూ పూర్వకావ్యాలనూ పరిశీలించడం వల్ల వచ్చే నేర్పు. అభ్యాసం అంటే కావ్యం తెలిసినవారి బోధనలో పదేపదే చేసే సాధన. ఈ మూడూ వేర్వేరు కారణాలు కావనీ, కలిసి ఒక్క కారణమవుతాయనీ ఆయన ప్రత్యేకంగా వివరించాడు. అంతకు పూర్వుడైన దండి సహజప్రతిభను మొదట చెప్పినా, అది లేనివారు కూడా చదువుతో, పూనికతో వాగ్దేవిని కొలిస్తే ఆమె కొంతైనా అనుగ్రహిస్తుందని కావ్యాదర్శంలో ఆశ కల్పించాడు.

ఈ చర్చను అందరికంటే సూక్ష్మంగా నడిపినవాడు 17వ శతాబ్దపు జగన్నాథ పండితరాయలు. గోదావరి తీరాన ముంగండ అగ్రహారానికి చెందిన తెలుగువాడైన ఈయన షాజహాన్ ఆస్థానంలో మన్ననలు పొందాడు. రసగంగాధరంలో ఈయన కావ్యానికి ప్రతిభ ఒక్కటే కారణమని మమ్మటుడితో విభేదించాడు. ఇంతవరకే చదివినవారు పండితరాయలను సహజప్రతిభావాదుల జాబితాలో చేర్చుతారు. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ఆ ప్రతిభ కొందరికి దైవానుగ్రహం వంటి అదృష్టం వల్ల, మరికొందరికి విశేషమైన చదువు, సాధనల వల్ల కలుగుతుందని చెప్పి, ప్రతిభ పుట్టుకతోనే రావాలన్న నియమాన్ని కొట్టిపారేశాడు. ప్రతిభకూ సాధనకూ మధ్య నేడు జరిగే వాదాల్లో ఈ మెలిక దాదాపుగా కనిపించకపోవడం విచారకరం.

నియమాలకు లొంగని ఒంటరి మేధావిగా కళాకారుణ్ణి ఊహించుకోవడం 18వ శతాబ్దపు ఐరోపాలో బలపడి, ఇంగ్లీషు కాల్పనిక కవిత్వం ద్వారా భావకవిత్వ యుగంలో తెలుగులోకి ప్రవేశించింది. ఆ ఊహకు తాత్త్విక బలమిచ్చినవాడిగా పేరున్న కాంట్ కూడా, కళకు నియమాన్ని ప్రసాదించేది మేధావి సహజశక్తేనని 1790 నాటి గ్రంథంలో చెబుతూనే, ఆ శక్తి అందించే ముడిసరుకును తీర్చిదిద్దడానికి పాఠశాల శిక్షణ కావాలనీ, శిక్షణను వదిలేయడమే మేధకు గుర్తు అనుకొనేవారు అల్పబుద్ధులనీ స్పష్టం చేశాడు. ఇక్కడికి చేరినది మొదటి సగమే.

అపోహ: నియమం కల్పనను కట్టిపడేస్తుంది

నియమం కల్పనకు శత్రువే అయితే అవధానమనే ప్రక్రియ పుట్టేదే కాదు. అష్టావధానంలోని నిషిద్ధాక్షరి అంశంలో అవధాని ఒక్కో అక్షరం పలుకుతూ పద్యం అల్లుతుంటే, పృచ్ఛకుడు తరువాత రాగల అక్షరాన్ని ఊహించి దానిని నిషేధిస్తాడు. సాధారణంగా ఈ పద్యం కందంలో సాగుతుంది. గగ, భ, జ, స, నల అనే నాలుగు మాత్రల గణాలు మాత్రమే రావాలని, బేసి స్థానంలో జగణం ఉండరాదని, ఆరవ గణం జగణమో నలమో కావాలని, రెండవ, నాలుగవ పాదాల చివర గురువు నిలవాలని కందానికి నియమాలున్నాయి. వీటిపై యతిప్రాసలు, వాటిపై పృచ్ఛకుడి నిషేధాలు వచ్చి పడినప్పుడు, మామూలుగా నోటికి వచ్చే మాటలన్నీ మూసుకుపోయి, అవధాని ఏనాడూ వాడని పదాన్ని పట్టుకోవలసి వస్తుంది. సభ చప్పట్లు కొట్టేది ఆ పదానికే. ఈ విద్యలో ప్రసిద్ధులైన తిరుపతి వేంకట కవులు ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శిష్యులన్నది మరచిపోరాదు.

ఛందస్సును తెంచుకున్న కవిగా శ్రీశ్రీని ఉదాహరించడం పరిపాటి. ఆయన తొలి సంపుటి ‘ప్రభవ’ 1928లో పద్యాలతోనే వెలువడింది; 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’లోని గేయాలు వృత్తాలను వదిలినా మాత్రాఛందస్సును, అంటే అక్షరాల సంఖ్యకు బదులు ఉచ్చారణకాలాన్ని లెక్కించే లయను, గట్టిగా పట్టుకున్నాయి; ఆ తరువాత కూడా ఆయన ‘సిరిసిరిమువ్వ’ మకుటంతో కందపద్యాలు రాశారు. శ్రీశ్రీ వదిలింది తనకు చేతకానిదాన్ని కాదు, తన కాలపు వేగానికి చాలనిదాన్ని. అయితే ఆయన అనుయాయుల్లో అనేకులు ఆ వదలడాన్ని మాత్రమే నేర్చుకున్నారనడం కఠినంగా ఉన్నా నిజానికి దూరం కాదు.

సంగీతంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిక్షణ పొందిన ఆయన, 72 మేళకర్త రాగాలన్నింటిలోనూ, అంటే ఏడు స్వరాలూ కలిగి ఇతర రాగాలకు తల్లులుగా లెక్కించే రాగాలలో, చిన్న వయసులోనే కృతులు రచించారు. ఆరోహణ, అవరోహణలలో కనీసం ఐదు స్వరాలైనా ఉంటేనే రాగమవుతుందన్న సంప్రదాయాన్ని కాదని నాలుగేసి స్వరాలతో మహతి, లవంగి రాగాలను ఆయన కల్పించినప్పుడు పెద్ద వివాదమే రేగింది. నాలుగు స్వరాల మధ్య మిగిలిన ఖాళీలను గమకాలతో, అంటే స్వరాన్ని కదిలించి పలికే తీరుతో, ఎలా నింపాలో తెలియనివారి చేతిలో ఆ ప్రయోగం వివాదానికి కూడా నోచుకొని ఉండేది కాదు.

అపోహ: గురుకులంలోనో కళాశాలలోనో చేరనివారు శిక్షణ లేనివారు

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదనీ, అయినా 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారనీ చెప్పి, సాధన అనవసరమని నిరూపించబూనేవారున్నారు. మొదటి రెండు మాటలూ వాస్తవమే, మూడవది వాటి నుంచి రాదు. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకులు. గురువుగా ఆయన జీవితాంతం తలచుకున్న ఎస్.పి. కోదండపాణి 1966లో ఆయనకు తొలి సినిమా అవకాశమిచ్చారు. శంకరాభరణం పాటలను ఒక్కో సంగతీ పలికించి నేర్పడంలో స్వరకర్త కె.వి. మహదేవన్ సహాయకులు పుహళేంది శ్రమ ఎంతో ఉంది. హరికథ వినిపించే ఇంట్లో పెరగడం, స్వరకర్తల ఎదుట రోజుల తరబడి పాడి దిద్దించుకోవడం శిక్షణ కాకపోతే ఆ మాటకు అర్థం చాలా ఇరుకైపోతుంది.

ఐరోపాలో ఇటువంటి అపోహకు గురైనవాడు విన్సెంట్ వాన్ గో. ఉన్మాదంలో చేతికి వచ్చినట్టు రంగులు పూసినవాడిగా లోకం ఊహించుకొనే ఈయన, 1880లో 27 ఏళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నాక, విద్యార్థుల కోసం షార్ల్ బార్గ్ తయారుచేసిన రేఖాచిత్రాల పాఠాలను ఓపికగా నకలు చేశాడు. హేగ్ నగరంలో ఆంటోన్ మావ్ వద్ద సలహాలు పొందాడు. దూరం పెరిగేకొద్దీ వస్తువు కుదించుకుపోయే తీరును సరిగా పట్టుకోవడానికి దారాలు కట్టిన చట్రం ఒకటి చేయించుకున్నాడు. 1886లో ఆంట్‌వెర్ప్ అకాడమీలోనూ, ఆ తరువాత పారిస్‌లో కోర్మోన్ చిత్రశాలలోనూ కొంతకాలం నేర్చుకున్నాడు. అకాడమీతో ఆయనకు పొసగకపోవడం నిజమే గాని, మరణించిన 1890లో కూడా ఆయన బార్గ్ పాఠాలను మళ్లీ ముందేసుకొని గీశాడు.

జానపద కళలకు నియమాలుండవన్న మాట కూడా ఈ కోవలోనిదే. శ్రీకాళహస్తి కలంకారీలో వస్త్రాన్ని మొదట కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీత అలుక్కుపోకుండా నిలుస్తుంది. బెల్లం, ఇనుపముక్కలు నీటిలో పులియబెట్టిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డపై సోకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పూసే పటిక నీటికి ఆ రంగేమీ ఉండదు. వేళ్ల రంగునీటిలో మరిగించిన తరువాతే పటిక తగిలిన మేర మాత్రమే ఎర్రగా తేలుతుంది. కనబడని రంగును ముందే లెక్కగట్టి పూయవలసిన ఈ పనిలో క్రమం ఒకచోట తప్పితే బొమ్మ మొత్తం చెడిపోతుంది. ఈ క్రమం పుస్తకాల్లో గాక చేతుల్లో ఉండడం వల్లనే అది లేనట్టుగా పట్టణవాసులకు తోస్తుంది.

అపోహ: పదివేల గంటల సాధన చేస్తే ఎవరైనా గొప్ప కళాకారులవుతారు

బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్‌సన్ బృందం 1993లో ప్రకటించిన అధ్యయనం నుంచి మాల్కం గ్లాడ్‌వెల్ 2008 నాటి తన పుస్తకంలో ప్రచారం చేసిన సంఖ్య ఇది. ఉత్తమ విద్యార్థులు 20 ఏళ్ల వయసుకు చేసిన సాధన సగటు మాత్రమే పదివేల గంటలు. అది ఎవరికీ గడప కాదని, గంటల సంఖ్య కంటే లోపాన్ని గుర్తించి దిద్దుకొనే తీరు ముఖ్యమని ఎరిక్‌సన్ స్వయంగా వివరించాడు. అనేక అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణ ప్రకారం, సంగీతంలో వ్యక్తుల మధ్య కనిపించే నైపుణ్యభేదాల్లో ఇటువంటి సాధన వివరించగలిగింది దాదాపు 21 శాతమే.

అపోహ: శిక్షణ లేనివారి సృష్టి కళ కాదు

పారిస్‌లో సుంకం వసూలు చేసే చిరుద్యోగిగా జీవించిన ఆన్రీ రూసో ఏ చిత్రశాలలోనూ చదవలేదు. అడవి చూడకుండానే అడవులు చిత్రించిన ఆయన బొమ్మల్లో పరిమాణాల లెక్క తప్పుతూనే ఉంటుంది, ఆ తప్పిన లెక్కే వాటి వింత నిశ్చలతకు మూలం. అయినా ఆయన లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలను నకలు చేయడానికి అనుమతి తీసుకొని వాటి ముందు కూర్చొన్నాడు.

చండీగఢ్ రాక్ గార్డెన్ సృష్టికర్త నేక్ చంద్ శిల్పవిద్య అసలే ఎరగడు. నగర నిర్మాణ విభాగంలో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలనూ, పగిలిన గాజులనూ, పింగాణీ ముక్కలనూ పోగుచేసి, కట్టడాలు నిషేధించిన అటవీభూమిలో ఏళ్లపాటు రహస్యంగా బొమ్మలు నిలిపాడు. ఆయనకు ప్రతిమాలక్షణం, అంటే విగ్రహానికి శాస్త్రం విధించిన కొలతలు, తెలియదు గాని సిమెంటు ఎంత సేపట్లో గట్టిపడుతుందో, లోపల ఇనుము ఎక్కడ ఉండాలో, ఏ ముక్క ఎంత బరువు మోస్తుందో ఉద్యోగం నేర్పింది. అధికారులకు ఆ సంగతి తెలిశాక కూల్చివేత భయం ఏర్పడినా, చివరకు 1976లో దానిని ప్రజల సందర్శనకు తెరిచి, ఆయనకు జీతమూ పనివారినీ ఇచ్చి అదే పనిలో నియమించారు.