తీగలో పాట ఉండదు

పాండూరులోనో, ఆ పక్క తిరువళ్లూరు, తిరుత్తణి ఊళ్లలోనో తిరునాళ్లకు పాటకచ్చేరి పెడితే నా చూపు ముందు కీబోర్డు వెనక్కి పోతుంది. అక్కడ రెండు వాద్యాలను కలుపుతూ, కొసన ఐదు సూదులున్న తీగ ఒకటి కనిపిస్తుంది. పాట అందులోంచే పారుతోందని చాలామంది అనుకుంటారు. పారదు. ఆ తీగలో శబ్దమే ఉండదు.

అందులో వెళ్లేవి కబుర్లు. ఫలానా మెట్టు నొక్కాడు, ఇంత జోరుగా నొక్కాడు, ఇప్పుడు వదిలాడు. అన్నీ అంకెల్లోనే. ఈ అంకెల భాష పేరే మిడి. ఒక కంపెనీ వాద్యం మాట ఇంకో కంపెనీ వాద్యానికి అర్థంకాని రోజుల్లో అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి దీనికి పూనుకున్నారు. 1983 జనవరిలో వేర్వేరు కంపెనీల కీబోర్డులు రెండు మొదటిసారి అందరి ముందూ మాట్లాడుకున్నాయి.

ప్రతి మెట్టుకూ 0 నుంచి 127 లోపు ఒక అంకె. పియానో నడిమధ్య 'సి'కి 60. దాని పక్క మెట్టుకు 61. శబ్దం లేకపోవడమే ఇక్కడ వరం. గాయని అర శ్రుతి దించమంటే, దాచిపెట్టిన పాటలో ప్రతి అంకెలోంచీ ఒకటి తీసేస్తే చాలు, నడక చెక్కుచెదరదు. డ్రమ్ముల అంకెలను మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ అంకె స్వరాన్ని కాదు, ఏ డ్రమ్మో చెబుతుంది. ఒకే తీగలో 16 ఛానెళ్లు, అంటే విడివిడి దారులు ఉంటాయి. అందుకే వాటిలో పదోదాన్ని డ్రమ్ములకు వదిలేయడం ఆనవాయితీ అయింది.

మరి శబ్దం పుట్టేదెక్కడ? కబురందుకున్న సింథసైజర్‌లో. అందులో ఆసిలేటర్ పచ్చి నాదాన్నిస్తుంది. సైన్ తరంగమైతే వేణువులా నున్నగా, రంపపు పళ్ల తరంగమైతే గరగరలాడుతూ. ఫిల్టర్ ఆ గరుకును కోస్తుంది, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంటే గొంతు మందగించినట్టు. ఎన్వలప్ నాదం ఆయుష్షును నిర్ణయిస్తుంది. మృదంగం దెబ్బ చటుక్కున లేచి వెంటనే ఆరిపోతుంది, నాదస్వరం ఊపిరి ఉన్నంతసేపూ నిలుస్తుంది. ఈ తేడా చెప్పేది అదే.

మెట్లకే కాదు, వాద్యాలకూ అంకెలున్నాయి. 1991లో ఏ అంకెకు ఏ వాద్యమో ఖాయం చేస్తూ 128 పేర్ల జాబితా వచ్చింది. సితార్‌కు 105, షెహనాయికి 112. వీణ లేదు, నాదస్వరం లేదు. నాకది ఇప్పటికీ బాధే.

అంతకన్నా పెద్ద చిక్కు గమకం, అంటే స్వరాన్ని ఊపడం. తోడి రాగంలో గాంధారం ఏ ఒక్క మెట్టు మీదా కుదురుగా నిలవదు, మెట్టుకేమో ఒకటే అంకె. దానికి దారి పిచ్‌బెండ్ చక్రం. అది స్వరాన్ని 16,384 చిన్న అడుగుల్లో పైకీ కిందికీ జరుపుతుంది. అయితే చక్రం తిప్పితే ఆ ఛానెల్‌లో మోగే స్వరాలన్నీ కలిసి ఊగిపోతాయి. అందుకే తెలిసిన వాద్యకారుడు రాగానికి విడిగా ఒక ఛానెల్ అట్టిపెట్టుకుంటాడు. తోడి వాయించేటప్పుడు చూడండి, కుడిచెయ్యి కదిలేది తక్కువ. ఎడమచెయ్యి మాత్రం చక్రం మీద ఊగుతూనే ఉంటుంది.