మాటు కుదిరితేనే పిట్ట ఫోటో

కౌజును పట్టాలన్నా, కొంగను కొట్టాలన్నా పాతకాలపు వేటగాడు ముందు మాటు చూసుకునేవాడు. ఎద్దును అడ్డం పెట్టుకుని, దాని నీడలో నడుస్తూ పిట్టల దగ్గరకు చేరేవాడు. పక్షుల ఫోటోలు తీయడం నేర్చుకోవాలనుకునేవారికి కూడా మొదటి పాఠం అదే. అయితే వేటగాడి పని ఒక్క దెబ్బతో ముగుస్తుంది. ఫోటో తీసేవాడు మాత్రం తాను వచ్చినట్టుగాని, పోయినట్టుగాని పిట్టకు తెలియకుండా చూసుకోవాలి. అది చాలా కష్టమైన పని.

2022 దాకా నెల్లూరు జిల్లాలో వుండి, ఆ ఏడాది తిరుపతి జిల్లాలో చేరిన దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు వుంది. నీళ్ళలో నిలిచే కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. సుమారు 459 హెక్టార్ల ఈ ప్రదేశాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. వానలు పడి చెరువు నిండితే అక్టోబరు, నవంబరు నెలల్లో పక్షులు దిగుతాయి. ఎండలు ముదిరేసరికి పిల్లలతో సహా లేచిపోతాయి. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకోవడం చాలా చోట్ల వినబడుతుంది. గూడబాతు విషయంలో అది నిజం కాదు. అది మన వైపు పక్షే. మేత, నీరు, గూటికి చెట్టు ఎక్కడ కుదిరితే అక్కడికి తిరుగుతుంది. ఇక్కడ గూడు కట్టినప్పుడు చేపల కోసం పులికాట్ సరస్సుకు వెళ్ళి వస్తుంది.

ఈ గూళ్ళను చూడడానికి పట్నాల నుంచి కెమెరాలు పట్టుకుని వచ్చేవారున్నారు. చెరువు కట్ట మీద నుంచి, అక్కడి మంచె మీద నుంచి ఎంతసేపు చూసినా పక్షికి ఇబ్బంది లేదు. ఇంకొంచెం దగ్గరకు పోదామన్న ఆశ పుట్టినప్పుడే చిక్కు వస్తుంది.

ఎద్దు కడుపులో కెమెరా

ఈ ఆశ కొత్తది కాదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ పల్లెలో పుట్టిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లో గుడ్లున్న గూటిని ఫోటో తీశారు. 1895లో ఫోటోలతో పక్షి గూళ్ళ పుస్తకం తెచ్చారు. మనిషిని చూస్తే లేచిపోయే పిట్ట మేసే పశువును లక్ష్యపెట్టదు. ఇది గమనించి వారు ఎద్దు తోలుతో బోలు ఎద్దును తయారు చేయించారు. రిచర్డ్ దాని కడుపులో దూరి, కెమెరాతో గంటల కొద్దీ వంగి నిలబడేవాడు. ఒకసారి లోపలే సొమ్మసిల్లి ఎద్దుతో సహా పడిపోయాడు. మన వేటగాళ్ళు బతికున్న ఎద్దుతో చేసిన పనే ఇది. మనవాళ్ళ ఎద్దు కనీసం తన కాళ్ళ మీద తాను నిలబడేది!

ఇప్పుడు ఎద్దు తోలు అక్కరలేదు. నాలుగు వెదురు గడలు, మట్టిరంగు గుడ్డ, కెమెరా గొట్టం పట్టేంత కంత వుంటే చాలు. గుడ్డను బిగించి కట్టాలి. గాలికి రెపరెపలాడితే మాటు కాస్తా దిష్టిబొమ్మ అవుతుంది. దానిని ఒకేసారి దగ్గరగా పాతకూడదు. మొదట దూరంగా నిలిపి వదిలేయాలి. పక్షులు ఎప్పటిలా వచ్చి మేస్తుంటే మరునాడు కొంత ముందుకు జరపాలి. బెదిరితే వెనక్కు తీసుకోవాలి. కంతలో ఒక సీసా అడుగుభాగం పెట్టి వుంచడం పాత కిటుకు. తరువాత అక్కడికి కెమెరా అద్దం వచ్చినా పక్షికి కొత్తగా కనిపించదు.

ఈ విద్య నేర్పేటప్పుడు విడతకు నలుగురైదుగురిని మించి తీసుకోకపోవడం మంచిది. మాటులో పట్టేది ఒకరు, మహా అయితే ఇద్దరు. తక్కినవారు దూరంగా కూర్చుని దుర్భిణితో చూస్తూ తమ వంతుకోసం ఆగాలి. తెల్లవారకముందే లోపలికి చేరాలి. చేరేటప్పుడు ఇద్దరు కలిసి వెళ్ళి, ఒకరు తిరిగి వచ్చేస్తారు. మనిషి వెళ్ళిపోయాడనుకుని పక్షులు కుదుటపడతాయి. కాకి దగ్గర మాత్రం ఈ ఎత్తు అన్నిసార్లూ పారదు. బయటికి వచ్చేటప్పుడు కూడా తోడు మనిషి వచ్చి తీసుకువెళ్ళాలి. గుడ్డలోంచి మనిషి ఒక్కసారిగా ఊడిపడడం ఒకసారి చూసిన పక్షి ఇక ఆ గుడ్డను నమ్మదు.

లోపల మూడు, నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. బీడీ, సెల్‌ఫోన్ మోత, దగ్గు పనికిరావు. కెమెరా గొట్టాన్ని గడియారం చిన్నముల్లంత నిదానంగా తిప్పాలి. గురి పక్షి కంటి మీద వుండాలి. తెల్ల కొంగ మీద పొద్దుటి ఎండ పడితే ఈకల గీతలు పోయి సున్నం కొట్టినట్టు వస్తుంది కాబట్టి వెలుతురు కొంచెం తగ్గించి తీయాలి. నత్తగుల్ల కొంగను పక్కనుంచి, వెనుక ఆకాశం వచ్చేలా తీస్తే దాని ముక్కు నడుమ వుండే సందు తేటగా కనిపిస్తుంది. వెనుక ఆకులుంటే ఆ సందు పోయినట్టే. ఎగిరే పక్షికి సెకనులో వెయ్యో వంతు వేగమైనా వుండాలి. ఫిల్మ్ రోజుల్లో రీలుకు 36 ఫోటోలే గనుక మీట నొక్కేముందు ఆలోచన వుండేది. ఇప్పుడు వేలకొద్దీ తీయవచ్చు గనుక చూడడం తగ్గి నొక్కడం పెరిగింది.

సాయంత్రం అందరూ కలిసి ఫోటోలు చూసుకోవడం ఈ శిక్షణలో ముఖ్యమైన పని. రంగులు, వెలుతురు సంగతి తరువాత. పక్షి మెడ నిక్కించి, ఈకలు ఒంటికి అంటుకుని వుంటే అది బెదిరిందని అర్థం. ఒంటికాలి మీద నిలిచి, ఈకలు వదులు చేసి, ముక్కుతో దువ్వుకుంటూ వుంటే మాటు కుదిరినట్టు. తీసినవాడు ఎలా మసలుకున్నాడో అతని ఫోటోయే చెప్పేస్తుంది.

గూడు లేస్తే కాకి వాలుతుంది

మాటు ఎంత బాగా కుదిరినా గూళ్ళ మధ్యకు మాత్రం పోకూడదు. గూడబాతులు పక్కపక్కనే గూళ్ళు కడతాయి. ఒకటి బెదిరితే చుట్టూ వున్నవన్నీ లేస్తాయి. అలా లేచిన కాసేపట్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు మిట్టమధ్యాహ్నపు ఎండకు తట్టుకోలేవు. మొత్తం గుంపే చోటు వదిలేయడమూ వుంది. 1946లో కె.కె.నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు దగ్గర తాటిచెట్ల మీద వందలాది గూడబాతులను చూశారు. తరువాత అక్కడ ఆ గూళ్ళు లేకుండా పోయాయి. ఫోటోల వల్ల పోయాయని కాదు. పోయిన గుంపును మళ్ళీ పిలిచి తెచ్చుకోవడం మనిషి చేతిలో లేదు.

పక్షి రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఈ ప్రాంతపు రైతులకు తెలుసు. తమిళనాడులో వేడంతంగల్ రైతులు ఇదే కారణంతో, కొంగలను కాల్చిన సిపాయిల మీద ఫిర్యాదు చేసి, 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ నుంచి పక్షుల రక్షణకు హుకుం పొందారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత కేంద్రంలో ఫోటోలకు అటవీశాఖ అనుమతి కావాలి. గూటి ఫోటోలను అనేక పోటీల్లో ఇప్పుడు తీసుకోవడం లేదు. ఇది మంచి మార్పు.

నేర్చుకోవడానికి గూళ్ళే అక్కరలేదు. దమ్ము చేసే మడిలో ట్రాక్టరు వెంట కొంగలు తిరుగుతాయి. బావి గట్టు కర్ర మీద లకుముకి, తీగ మీద పాలపిట్ట వుంటాయి. చేలోని కాపలా గుడిసె పిట్టలకు అలవాటైనదే కాబట్టి అది సిద్ధంగా వున్న మాటు. తలుపుకు గోనె పట్టా వేసి, సూర్యుడు వీపు వైపు వుండేలా కూర్చుంటే చాలు. ఏ గుంటకు ఏ వేళ ఏ పిట్ట దిగుతుందో పశువుల కాపరికి, చేపలు పట్టేవారికి తెలిసినట్టు పట్నం నుంచి వచ్చిన గురువుకు తెలియదు. శిక్షణకు డబ్బు తీసుకునేవారు ఆ తెలివికి కూడా కూలి కట్టి ఇవ్వడం న్యాయం.

సంక్రాంతి తరువాతి రోజులు ఈ పనికి అనువైనవి. మంచు విడిచాక వెలుతురు మెత్తగా వుంటుంది. చెరువు నిండిన ఏడాదైతే నేలపట్టు కట్ట మీద నిలబడే, గూడబాతు పిల్ల తల్లి సంచిలో తలదూర్చి చేప తినడం దుర్భిణితో చూడవచ్చు.